ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్లిన మనిషి పేరు మీద స్కాలర్‌షిప్: అమెరికా యూనివర్సిటీలో ఎలా పెట్టాలి

అమెరికాలో యూనివర్సిటీ ఉన్న ఊళ్లలో ఇలాంటి మనిషి ఒకరైనా ఉంటారు. రిటైరైన స్కూల్ టీచర్ కావచ్చు, ప్రొఫెసర్ గారి భార్య కావచ్చు, చర్చికి వచ్చే పెద్దాయన కావచ్చు, ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనవాళ్లే కావచ్చు. ఆగస్టు వచ్చిందంటే వాళ్ల కారుకి తీరిక ఉండదు. పాత పరుపులు, గిన్నెలు, టేబుల్ ల్యాంపులు గరాజ్‌లో పోగేసి, కొత్తగా దిగిన పిల్లలకి పంచుతారు. బ్యాంకు ఖాతా తెరవడానికి తోడు వెళ్తారు. డ్రైవింగ్ టెస్టుకి తమ కారే ఇస్తారు. థాంక్స్‌గివింగ్ నాడు డార్మ్‌లో మిగిలిపోయిన వాళ్లని ఇంటికి పిలిచి భోజనం పెడతారు. దీనికి జీతం లేదు, హోదా లేదు. యూనివర్సిటీ రికార్డుల్లో పేరు కూడా ఉండకపోవచ్చు.

అలాంటి మనిషి పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులకి చేరగానే ఎవరో ఒకరు అంటారు: "ఆవిడ పేరు మీద ఏదైనా చేద్దాం." చాలాసార్లు ఆ మాట అక్కడే ఆగిపోతుంది. లేదంటే హడావిడిగా డబ్బు పోగై, ఎవరికివ్వాలో ఎలా ఇవ్వాలో తేలక ఎవరి ఖాతాలోనో పడి ఉంటుంది. ఆ పని మీరు నెత్తికెత్తుకుని ఉంటే ఈ వివరాలు పనికొస్తాయి. నేను 'ఆవిడ' అని రాస్తున్నాను. మీ విషయంలో ఆయన అయితే అలాగే చదువుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫండ్ ఎంత పెద్దది అన్నది తర్వాతి సంగతి. ఆవిడ ఎవరికి, ఎప్పుడు, దేనికి సాయపడేవారో అదే ఈ స్కాలర్‌షిప్ నియమం కావాలి. ఆ పోలిక లేకపోతే అది ఆవిడ పేరు పెట్టుకున్న ఇంకో మెరిట్ అవార్డు అవుతుంది, అంతే.

1. ముందు ఇంటివాళ్లతో మాట్లాడండి

చందాల లింకు ఎక్కడా పెట్టకముందే ఆవిడ భర్తతోనో పిల్లలతోనో మాట్లాడండి. వాళ్లకి ఇష్టమేనా? పేరు ఎలా రాయాలి, కాగితాల్లో ఉన్న పేరా, పిల్లలందరూ పిలిచిన పేరా? ఫోటో వాడుకోవచ్చా? ఈ మూడు విషయాలూ నెమ్మదిగా కనుక్కోండి. అమెరికాలో మరణవార్త ప్రకటనలోనే "పూలకు బదులు ఫలానా సంస్థకు విరాళం ఇవ్వండి" అని రాయడం మామూలు. కుటుంబం అప్పటికే ఏ క్యాన్సర్ ఆసుపత్రి పేరో, లైబ్రరీ పేరో ఇచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు మీ ఫండ్ దానికి పోటీగా కనిపించకూడదు. కొంత ఆగి, వాళ్ల మాటగానే బయటికి రావాలి.

కుటుంబం సరేనంటే మాత్రం మరీ ఆలస్యం చేయొద్దు. తొలి నెలల్లో ఉన్న ఊపు ఏడాది తర్వాత ఉండదు.

2. ఆవిడ ఏం చేసేవారో రాసి పెట్టండి

ఇది ఉత్త జ్ఞాపకాల సేకరణ అనుకుని దాటేయకండి. తర్వాత రాసే నియమాలన్నీ ఇందులోంచే వస్తాయి. పాత విద్యార్థుల్లో వీలైనంత మందిని ఒకటే ప్రశ్న అడగండి: "ఆవిడ మీకు చేసిన సాయం ఏమిటి, ఏ నెలలో, అప్పుడు మీ పరిస్థితి ఏమిటి?" "ఆవిడ చాలా మంచివారు" అన్న జవాబు మనకి పనికిరాదు. "అసిస్టెంట్‌షిప్ మొదటి జీతం సెప్టెంబరు చివరికి గానీ రాలేదు, అపార్ట్‌మెంట్ డిపాజిట్ ఆవిడే కట్టారు" అన్నది పనికొస్తుంది. "నాన్న పోయినప్పుడు టికెట్ డబ్బులు సర్దారు" అన్నదీ పనికొస్తుంది.

ఇరవై జవాబులు వచ్చేసరికి ఒక తీరు బయటపడుతుంది. కొందరు వాలంటీర్లు వచ్చిన మొదటి నెలలోనే కనిపిస్తారు. కొందరు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతారు. కొందరు విద్యార్థుల భార్యలకి, చిన్నపిల్లల తల్లులకి తోడుంటారు. ఆ తీరునే ఒక పేజీలో రాయండి. యూనివర్సిటీ వాళ్లకి చూపించేది, దాతలకి పంపేది ఆ పేజీయే.

ఇలాంటి చిన్న పలకరింపులోంచి పెద్ద సంస్థలు పుట్టిన సందర్భం ఉంది. 1909లో న్యూయార్క్‌లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో పనిచేసే హ్యారీ ఎడ్మండ్స్ కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద ఎదురైన ఒక చైనా విద్యార్థికి మాటవరసకి గుడ్ మార్నింగ్ చెప్పారు. ఈ ఊరొచ్చి మూడు వారాలైంది, నాతో మాట్లాడిన మొదటి మనిషి మీరే అన్నాడట ఆ కుర్రాడు. ఎడ్మండ్స్ దంపతులు విదేశీ విద్యార్థులని ఇంటికి పిలవడం అక్కడ మొదలైంది. రాక్‌ఫెల్లర్ డబ్బు తోడై, 1924లో న్యూయార్క్‌లో దేశదేశాల విద్యార్థులు కలిసి ఉండే ఇంటర్నేషనల్ హౌస్ తలుపులు తెరుచుకుంది. ఇప్పుడు విద్యార్థుల సంఖ్య ఊహకందదు. విదేశీ విద్యార్థుల మీద ఏటా వచ్చే 'ఓపెన్ డోర్స్' నివేదిక లెక్కల ప్రకారం 2023-24లో అమెరికాలో 11 లక్షల 26 వేల మంది విదేశీ విద్యార్థులుంటే, అందులో 3 లక్షల 31 వేల మంది మన దేశం వాళ్లే. మూడు వారాలు ఎవరూ పలకరించని పిల్లలు వాళ్లలోనూ ఉంటారు.

3. డబ్బు ఎవరి దగ్గర ఉండాలి

గోఫండ్‌మీ పేజీ పెట్టేద్దాం అని ఎవరో అంటారు. మనిషి పేరు మీద పెట్టే మామూలు పేజీలో ప్రతి విరాళం నుంచి 2.9 శాతం, పైన 30 సెంట్లు పోతాయి. దాతలకి పన్ను మినహాయింపు రాదు. కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ కూడా కలపడం) రాదు. అంతకంటే పెద్ద చిక్కు, డబ్బంతా ఒక మనిషి బ్యాంకు ఖాతాలో పడటం. ఆ మనిషి ఎంత నమ్మకస్తులైనా ఆ భారం వాళ్ల మీద పెట్టకండి.

సొంతంగా లాభాపేక్ష లేని సంస్థ రిజిస్టర్ చేయడం రెండో ఆలోచన. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కి చిన్న సంస్థల 1023-ఈజెడ్ ఫారానికి 275 డాలర్లు, పూర్తి 1023 ఫారానికి 600 డాలర్లు ఫీజు కడితే 501(సి)(3) హోదాకి, అంటే పన్ను మినహాయింపు ఉన్న సంస్థ హోదాకి, దరఖాస్తు చేయొచ్చు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది: ఏటా రిటర్ను, రాష్ట్రానికి వేరే కాగితాలు, బోర్డు మీటింగులు. అది ప్రైవేట్ ఫౌండేషన్ (కొద్దిమంది డబ్బుతోనే నడిచే సంస్థ) కోవలోకి వస్తే స్కాలర్‌షిప్పులు ఇచ్చే పద్ధతికి ఐఆర్ఎస్ నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఒక్క స్కాలర్‌షిప్ కోసం ఇంత తతంగం అక్కర్లేదు.

మిగిలినవి రెండు. ఒకటి యూనివర్సిటీ విరాళాలు చూసుకునే ఆ యూనివర్సిటీ ఫౌండేషన్, రెండోది ఊళ్లో దాతల నిధులు నిర్వహించే ఆ ఊరి కమ్యూనిటీ ఫౌండేషన్. విద్యార్థులంతా ఒకే యూనివర్సిటీ వాళ్లయితే యూనివర్సిటీ ఫౌండేషనే తేలిక: రసీదులు, పెట్టుబడి, విద్యార్థి ఖాతాకి డబ్బు చేర్చడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఊళ్లో రెండు మూడు కాలేజీలుండి ఆవిడ అందరికీ చేసి ఉంటే కమ్యూనిటీ ఫౌండేషన్ మేలు. ఇద్దరినీ ఫోన్లో అడగాల్సినవి ఇవి: కనీసం ఎంత కావాలి, ఏటా నిర్వహణ రుసుము ఎంత, వచ్చిన ప్రతి విరాళంలో ముందే కోత ఉంటుందా, విదేశీ విద్యార్థులకి ఇవ్వడంలో వాళ్లకి ఇబ్బందేమైనా ఉందా. చివరి ప్రశ్న వింతగా అనిపిస్తుంది గానీ తప్పకుండా అడగండి. ఎందుకో కింద తెలుస్తుంది.

4. శాశ్వత నిధా, ఏ ఏటికి ఆ ఏడు ఖర్చయ్యేదా

అందరి కళ్లూ ఎండోమెంట్ మీదే ఉంటాయి. అసలు కదలదు, రాబడిలోంచి ఏటా కొంత ఇస్తారు, పేరు శాశ్వతంగా ఉంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ లెక్క చూడండి. చాలా యూనివర్సిటీల్లో కనీస మొత్తం 25,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. 50,000, లక్ష అడిగేవీ ఉన్నాయి. ఏటా ఖర్చుకి వదిలేది నాలుగైదు శాతం. అంటే 25,000 డాలర్లు పోగుచేస్తే విద్యార్థి చేతికి వచ్చేది ఏడాదికి వెయ్యి డాలర్ల చిల్లర. పైగా నిధి నిండేదాకా, కొన్నిచోట్ల నిండిన తర్వాత కూడా ఒక ఏడాది, ఎవరికీ ఏమీ ఇవ్వరు.

ఇంకో లెక్క. 15 మంది పాత విద్యార్థులు నెలకి 20 డాలర్ల చొప్పున ఆటోపే పెడితే ఏడాదికి 3,600 డాలర్లు. ఆ డబ్బంతా ఆ ఏడాదే ముగ్గురికి 1,200 చొప్పున ఇవ్వొచ్చు. దీన్ని కరెంట్ యూజ్ ఫండ్ అంటారు. మొదటి అవార్డు వచ్చే ఏడాదే ఇవ్వొచ్చు. ఆవిడ భర్త ఉండగానే, ఆయన కళ్లముందే ఇవ్వొచ్చు. నన్నడిగితే దీనితోనే మొదలుపెట్టమంటాను. ఎండోమెంట్ కావాలన్న పట్టుదల ఉంటే, పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్లని అటు పంపి, నాలుగైదేళ్లలో నింపుతామని ఒప్పందం రాసుకోవచ్చు. అలాంటి గడువు చాలాచోట్ల ఇస్తారు. రెండూ పక్కపక్కనే నడవొచ్చు.

గడువులోగా కనీస మొత్తం చేరకపోతే ఆ డబ్బు ఏమవుతుందో ముందే అడిగి రాయించుకోండి. కొన్నిచోట్ల అది జనరల్ స్కాలర్‌షిప్ ఫండ్‌లో కలిసిపోతుంది.

5. అర్హతలు: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

యూనివర్సిటీ మీకు ఒక నమూనా పత్రం పంపుతుంది. అందులో చాలాసార్లు "ఫాఫ్సా ప్రకారం ఆర్థిక అవసరం ఉన్న విద్యార్థి" అన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. ఫాఫ్సా అంటే ఫెడరల్ ప్రభుత్వ సాయానికి వేసే దరఖాస్తు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి ఆ సాయం రాదు, కాబట్టి వాళ్లు ఆ దరఖాస్తు వేయరు. ఆ ఒక్క వాక్యం అలాగే ఉంటే, విదేశీ విద్యార్థుల కోసం బతికిన మనిషి పేరు మీద ఉన్న స్కాలర్‌షిప్‌కి ఒక్క విదేశీ విద్యార్థి కూడా అర్హుడు కాడు. దాని బదులు "ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు నిర్ణయించే ఆర్థిక అవసరం" అని రాయించండి. ఆన్‌లైన్ అప్లికేషన్ పోర్టల్‌లో "అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు" అన్న ఫిల్టర్ డిఫాల్ట్‌గా ఉందేమో కూడా చూడమనండి. కాగితం మీద సరిగ్గా ఉండి, పోర్టల్ దగ్గర తలుపు మూసుకుపోవడం జరుగుతూనే ఉంటుంది.

తర్వాతి తగాదా మన గ్రూపులోనే వస్తుంది. "మన తెలుగు పిల్లలకే ఇద్దాం" అని. చేయలేరు, చేయకూడదు కూడా. 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సిక్స్ ప్రకారం, ఫెడరల్ డబ్బు తీసుకునే విద్యాసంస్థ జాతి, రంగు, జాతీయ మూలం చూసి వివక్ష చూపకూడదు. ఫలానా దేశం వాళ్లకే, ఫలానా భాష వాళ్లకే అంటే యూనివర్సిటీ లీగల్ విభాగం దగ్గర ఆగిపోతుంది. అడ్మిషన్లలో జాతిని చూడకూడదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక స్కాలర్‌షిప్పుల విషయంలోనూ వాళ్లు మరింత ఆచితూచి అడుగేస్తున్నారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆవిడ నైజీరియా అబ్బాయిని, నేపాల్ అమ్మాయిని, మనవాళ్లని ఒకే కారులో ఎక్కించుకుని ఉంటారు కదా.

దానికి బదులు చేసిన పనిని బట్టి ఎంచుకోండి: కొత్తగా వచ్చిన విద్యార్థులకి ఏదో రకంగా సాయపడినవాళ్లు, ఇంగ్లీషు సంభాషణ గ్రూపులు నడిపినవాళ్లు, తోటి విద్యార్థికి ఆసుపత్రిలో తోడున్నవాళ్లు. ఇక్కడ ఒక గీత దాటకూడదు. ఇప్పటిదాకా చేసిన సేవని చూసి ఇవ్వొచ్చు. "ఈ డబ్బు తీసుకుంటే ఏడాదిలో ఇన్ని గంటలు వాలంటీర్ చేయాలి" అని షరతు పెట్టకూడదు. పనికి బదులుగా ఇచ్చే డబ్బు పన్ను చట్టం దృష్టిలో స్కాలర్‌షిప్ కాదు, ప్రతిఫలం. ఎఫ్-1 విద్యార్థి క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు, బయట అనుమతి లేకుండా అసలే చేయకూడదు. మీ సదుద్దేశం వాళ్ల వీసా మీదకి రాకూడదు.

జీపీఏ (మార్కుల సగటు)? నేనైతే "మంచి అకడమిక్ స్టాండింగ్‌లో ఉండాలి" అన్న మాటతో ఆపేస్తాను. 3.8 ఉన్నవాళ్లకి వేరే అవార్డులున్నాయి. ఆవిడ ఎవరినీ మార్కులడిగి కారెక్కించుకోలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకివ్వాలా, ఇప్పటికే చదువుతున్నవాళ్లకా? కొత్తవాళ్లకి ముందే ప్రకటిస్తే ఆ మొత్తం వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో చూపించే మొదటి ఏడాది నిధుల లెక్కలో చేరాలి, అడ్మిషన్ ఆఫీసుతో వేళలు కుదరాలి. చిన్న మొత్తానికి అంత శ్రమ ఎందుకు? ఒక సెమిస్టర్ పూర్తయినవాళ్లకి ఇవ్వడం తేలిక. పైగా మొదటి ఏడాదికి చూపించిన డబ్బు కరిగిపోయి అసలు ఇబ్బంది తెలిసేది రెండో ఏడాదిలోనే.

మీరు రాసిన పేజీలో అత్యవసర సాయాలే ఎక్కువగా కనిపిస్తే ఇంకో దారి కూడా ఆలోచించండి. ఏటా ఒకసారి ఇచ్చే స్కాలర్‌షిప్ కాకుండా, ఇంటర్నేషనల్ ఆఫీసు చేతిలో ఉండే ఎమర్జెన్సీ గ్రాంట్. అమ్మకి సీరియస్ అని రాత్రి ఫోన్ వచ్చిన విద్యార్థికి ఏప్రిల్‌లో ప్రకటించే అవార్డు ఎందుకు? రెండ్రోజుల్లో టికెట్ కొనగలిగే 800 డాలర్లు కావాలి. ఇలాంటి ఫండ్‌కి వ్యాసాలు, రికమండేషన్ లెటర్లు పెట్టకండి. ఒక పేజీ ఫారం, సలహాదారు సంతకం చాలు.

6. డబ్బు విద్యార్థికి చేరే దారి

పన్ను సంగతి చాలామంది దాతలకి తెలియదు. డిగ్రీ చదివే విద్యార్థికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకి కావాల్సిన పుస్తకాలు, పరికరాల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. అద్దెకి, తిండికి, ప్రయాణానికి ఇస్తే పన్ను ఉంది. ఎఫ్-1, జె-1 వీసాల మీద ఉండి పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయిన విద్యార్థికి ఆ భాగంలోంచి యూనివర్సిటీ 14 శాతం ముందే పట్టుకుంటుంది. అద్దె కోసం వెయ్యి డాలర్లు ఇస్తే చేతికి 860 వస్తాయి. తర్వాతి ఏడాది మార్చిలో ఎంత ఇచ్చారో, ఎంత పట్టుకున్నారో చూపించే 1042-ఎస్ అనే కాగితం వస్తుంది, దాన్ని పట్టుకుని 1040-ఎన్ఆర్ రిటర్ను వేయాలి. భారత విద్యార్థులకి భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి అందరికీ ఒకే లెక్కన తీసేసే మొత్తం) వాడుకునే వీలుంది. కాబట్టి రిటర్ను వేస్తే పట్టుకున్నది చాలామందికి వెనక్కి వస్తుంది. చాలా దేశాల వాళ్లకి ఆ వీలు లేదు.

అందుకని ట్యూషన్, ఫీజులకే అని రాసేద్దామా? అక్కడా ఒక మెలిక ఉంది. పీహెచ్‌డీ చేస్తూ అసిస్టెంట్‌షిప్ ఉన్నవాళ్లకి ట్యూషన్ ఎలాగూ మాఫీ, వాళ్లకి ట్యూషన్ డబ్బు వల్ల ఒరిగేదేమీ లేదు. "ట్యూషన్, ఫీజులు, పుస్తకాలు, లేదా జీవన వ్యయం" అని విశాలంగా రాసి, ఎవరికి ఏది ఉపయోగమో ఆఫీసు చూసుకునేలా వదిలేయండి. అవార్డు లెటర్‌లో మాత్రం "ఇందులో కొంత పన్ను కింద పోవచ్చు" అన్న వాక్యం పెట్టించండి. వెయ్యి అనుకుని 860 చూసి కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

7. చందాలు

అడగడం మొదలుపెట్టేముందు ఫండ్ పేరు, నంబరు, ఆన్‌లైన్ లింకు ఫౌండేషన్ నుంచి తీసుకోండి. అవి లేకుండా "యూనివర్సిటీకి పంపండి" అంటే డబ్బు ఏ ఫుట్‌బాల్ స్టేడియం ఖాతాలోనో పడుతుంది.

పాత విద్యార్థులు పెద్ద కంపెనీల్లో ఉంటే ముందు అడగాల్సింది మ్యాచింగ్. మైక్రోసాఫ్ట్, గూగుల్, యాపిల్ లాంటి కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి అంతే మొత్తం, ఒక పరిమితి వరకు, కలుపుతాయి. చాలా కంపెనీలు దీన్ని బెనెవిటీ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా నడుపుతాయి. అక్కడ యూనివర్సిటీ పేరు ఎంచుకుని, కామెంట్ పెట్టెలో ఫండ్ పేరు, నంబరు రాయడం మర్చిపోవద్దని అందరికీ గట్టిగా చెప్పండి. పైన చెప్పిన 15 మందికీ మ్యాచింగ్ ఉంటే 3,600 కాస్తా 7,200 అవుతుంది.

కంపెనీ నుంచి జీతంతో పాటు ఆర్ఎస్‌యూలుగా వచ్చిన షేర్లు విలువ పెరిగి, ఏడాది దాటి చేతిలో ఉన్నవాళ్లు డబ్బు కంటే ఆ షేర్లే నేరుగా ఇవ్వడం లాభం. పెరిగిన విలువ మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. ఆవిడతో కలిసి పనిచేసిన తోటి వాలంటీర్లు, 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లు, వాళ్ల ఐఆర్ఏ రిటైర్‌మెంట్ ఖాతా నుంచి నేరుగా ఫౌండేషన్‌కి పంపొచ్చు. వయసు డెబ్భైన్నర నిండి ఉండాలి, అంతే. 250 డాలర్లు, అంతకు మించి ఇచ్చినవాళ్లకి ఫౌండేషన్ రాతపూర్వక రసీదు ఉంటేనే మినహాయింపు చెల్లుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకి 2022 నుంచి 2025 దాకా విరాళం వల్ల పన్నులో లాభం లేదు. 2026 నుంచి వాళ్లు కూడా నగదు విరాళాల మీద వెయ్యి డాలర్ల వరకు, దంపతులు కలిపి రిటర్ను వేస్తే రెండు వేల వరకు చూపించుకోవచ్చు.

ఇండియాకి తిరిగి వెళ్లిపోయినవాళ్లు కూడా ఇవ్వాలనుకుంటారు. విదేశాలకి డబ్బు పంపుకోవడానికి ఉన్న రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ పద్ధతిలో, ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో, విరాళం పంపడానికి వీలుంది. దీనికి ఇండియా పన్నులో 80జీ మినహాయింపు రాదని ముందే చెప్పండి. చిన్న మొత్తమైతే ఫౌండేషన్ లింకులో అంతర్జాతీయ కార్డు వాడటమే సులువు.

గ్రూపులో ఎవరెంత ఇచ్చారో జాబితా పెట్టకండి. ఆవిడ సాయం పొందిన వాళ్లలో ఇప్పుడు ఉద్యోగం పోయి వీసా టెన్షన్‌లో ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లని దూరం చేసుకోవడం తప్ప ఆ జాబితాతో వచ్చేదేమీ లేదు. పేర్లన్నీ అక్షర క్రమంలో, మొత్తాలు లేకుండా వేయించండి.

8. ఒప్పంద పత్రం, ఎంపిక కమిటీ

గిఫ్ట్ అగ్రిమెంట్ రెండు మూడు పేజీలకి మించదు. సంతకం పెట్టేముందు పేరు స్పెల్లింగ్ కుటుంబంతో సరిచూడండి. ఆవిడ గురించి రెండు మూడు వాక్యాలు అందులోనే ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఆవిడెవరో తెలిసేది ఆ వాక్యాల వల్లే. ఏదైనా కారణంతో ఈ అవసరం మారితే డబ్బుని దేనికి వాడాలో కూడా రాయండి: "విదేశీ విద్యార్థులకు ఉపయోగపడే దగ్గరి అవసరానికి" అన్నట్టు.

ఎవరికివ్వాలో దాతలు తేల్చకూడదు. ఫలానా అబ్బాయికే అని చెప్పి ఇచ్చే డబ్బు పన్ను చట్టంలో విరాళం కాదు. కమిటీని యూనివర్సిటీయే వేస్తుంది. మీరు అడగగలిగేది అందులో ఇంటర్నేషనల్ ఆఫీసు మనిషి, ఒక ప్రొఫెసర్, వీలైతే అంతకుముందు ఈ స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్లు ఉండాలని. కుటుంబసభ్యులకి కమిటీలో చోటు కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల కుదరదంటారు. విద్యార్థుల రికార్డులు 1974 నాటి ఫెర్పా చట్టం కింద గోప్యం, కాబట్టి అప్లికేషన్లు మాకు చూపించండి అని పట్టుబట్టకండి. ఎంపికైన విద్యార్థి సరేనంటే పేరు, చిన్న ఉత్తరం మీకు పంపుతారు.

అప్లికేషన్‌లో వ్యాసం పెడితే ఒకటే ప్రశ్న, 300 మాటల్లోపు. "మీ కష్టాలు వివరించండి" అని అడగొద్దు. పిల్లల చేత బాధ అమ్మించే ప్రశ్న అది. "ఇక్కడికి వచ్చాక మీకు ఎవరు ఎలా సాయపడ్డారు, మీరు ఎవరికి సాయపడ్డారు" అని అడగండి. ఆ జవాబులు చదవడం కమిటీకి కూడా బాగుంటుంది.

9. మొదటి అవార్డు, ఆ తర్వాత

చాలా యూనివర్సిటీల్లో శీతాకాలంలో అప్లికేషన్లు తీసుకుని వసంతంలో ప్రకటిస్తారు. కాబట్టి పత్రం మీద సంతకాలు సెప్టెంబరు, అక్టోబరుకల్లా పూర్తి చేయండి. లేకపోతే ఒక ఏడాది జారిపోతుంది. నోటీసు బోర్డుని నమ్ముకుని ఊరుకోవద్దు. భారత, చైనా, ఆఫ్రికా, నేపాల్ విద్యార్థి సంఘాలకి విడివిడిగా పంపమని ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి. మొదటి ఏడాది అప్లికేషన్లు తక్కువగా వస్తే అర్హతలు మార్చేయకుండా, సమాచారం ఎక్కడ ఆగిందో చూడండి.

అవార్డు ఇచ్చే రోజున పెద్ద సభ అక్కర్లేదు. కుటుంబం, అందుకున్న విద్యార్థి, పాత విద్యార్థులు నలుగురు కలిసి భోంచేస్తే చాలు. విద్యార్థి రాకూడదనుకుంటే బలవంతం పెట్టొద్దు.

ఏటా ఒకసారి ఫౌండేషన్ నుంచి లెక్క తెప్పించుకోండి: ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది. ఇచ్చినదానికంటే మిగిలినది ఏటికేడు పెరుగుతుంటే ఎక్కడో ఆగిందని అర్థం. కార్డులు ఎక్స్‌పైర్ అయి ఆటోపేలు ఆగిపోవడం మూడో ఏడాది నుంచి మొదలవుతుంది. ఫౌండేషన్ వాళ్లు గుర్తుచేయరు, మీలో ఒకరు చూసుకోవాలి. దాతల ఫోన్ నంబర్లు, ఒప్పందం కాపీ, ఫౌండేషన్‌లో మాట్లాడాల్సిన మనిషి పేరు, అన్నీ ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి కనీసం ముగ్గురికి యాక్సెస్ ఇవ్వండి. ఆ ముగ్గురిలో ఒకరు ఈమధ్యే చదువు పూర్తిచేసినవాళ్లు అయ్యేలా చూడండి.